గాలితల్లి ఇంటి అంట్లు

"స్లోవాక్ నుంచి జర్మన్‌కి. జానపద కతలు బాగా తెలిసిన మనిషి కావాల. ఈ వారంలోనే," అన్నాడు యోగేశ్వరన్, చేతిలోని టీ తారిక్ గ్లాసు మోహనప్రియ బల్ల మీద పెడుతూ.

ఆ టీ ఆమె కోసం కాదు. ఫోన్ తీయడానికి చెయ్యి ఖాళీ కావాలి, అందుకని పెట్టాడంతే. గ్లాసు అడుగు తడి ఆమె కాగితాల మీద గుండ్రంగా ముద్ర పడింది. ఆమె కాగితాలు పక్కకి లాక్కుంది.

మలాయ్ దేశంలో, క్లాంగ్ ఊరి లిటిల్ ఇండియా వీధిలో చీరల కొట్టు పైన ఉంది ఆ అనువాదాల ఆఫీసు. పేరు చూస్తే లండన్ కంపెనీ అనుకోవాలి. లోపలికెళ్తే నలుగురు మనుషులు, ఒక ఏసీ, దాని కింద ఒక బకెట్టు. యూరప్ కంపెనీలు తమకు గిట్టుబాటు కాని పనులన్నీ ఇక్కడికి తోసేస్తాయి. ఆ పనులు చేసే మనుషుల్ని ప్రపంచం మొత్తం మీద వెతికి పట్టుకోవడం మోహనప్రియ ఉద్యోగం. ఆ భాషల్లో ఆమెకు ఒక్కటీ రాదు. బడిలో మలాయ్, బజార్లో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో అమ్మతోనూ, తెలుగువాడే అయిన యోగేశ్వరన్‌తోనూ తెలుగు, అంతే. అయినా ఫిన్నిష్ మందుల చీటీలను అరబ్బీలోకి తెచ్చేవాణ్ణి పట్టుకుంది. టర్కీ లిఫ్టుల సంగతి డచ్చిలో రాసే ఆవిడను పట్టుకుంది. పెళ్ళిళ్ళ పేరయ్య బతుకు. సంబంధం కుదిరాక పేరయ్యను భోజనానికి పిలిచేవాళ్ళుండరు.

"స్లోవాక్ నుంచి ఇంగ్లీషుకైతే దొరుకుతారు బాస్. జర్మన్‌కి, అందులో కతలకి ఎవులుంతారు?"

"నువ్వున్నావు కదా. నువ్వెతికితే దొరకనోడెవుడు?"

పొగడ్త వినగానే ఆమెకు మెడ నొప్పి మొదలైంది. ఈ ఆఫీసులో పొగడ్త వెనకాల ఎప్పుడూ పనే ఉంటుంది. "పని ఎవులది?" అని అడిగింది.

"జర్మనీలో సిన్న మ్యూజియం. గొర్రెల కాపర్ల కతలు ముప్పై, పుస్తకం వేస్తారంట. గవర్నమెంటు గ్రాంటు. నిపుణుల పేరు సూపించకపోతే గ్రాంటు రాదు. మంచి పేరు తే ప్రియా."

ఆమె ఉత్తరాలు పంపడం మొదలుపెట్టింది. అనువాదకుల జాబితాలున్న వెబ్‌సైట్లలో ఒక్కో పేరూ తెరవడం, ఒక్కో పేరుకీ అదే ఉత్తరం పంపడం. జవాబులొచ్చాయి. ఒకాయన కార్ల మాన్యువళ్ళు తప్ప ఇంకేం ముట్టుకోనన్నాడు. ఒకావిడ కోర్టు కాగితాలంది. ఒకడికి జానపదమంటే చీజు డబ్బాల మీద రాసే రెండు ముక్కలే తెలుసట, అయినా చేసేస్తానన్నాడు. ఒకరు "ఈ రేటుకా?" అని మాత్రం రాసి ఊరుకున్నారు. ఇంకొకచోటి నుంచి కూతురు జవాబిచ్చింది: మా నాన్నగారు పోయారు, దయచేసి మీ జాబితాలోంచి పేరు తీసేయండి. మోహనప్రియ ఆ పేరు తీసేసింది. తీసేశాక కాసేపు ఏ ఉత్తరమూ రాయబుద్ధి కాలేదు. కళ్ళలో చుక్కల మందు వేసుకుని, తల వెనక్కి వాల్చి, ఏసీ నుంచి బకెట్లో పడుతున్న నీళ్ళ చప్పుడు వింటూ కూర్చుంది.

చివరికి మనిషి దొరికింది జాబితాలో కాదు. కాపర్లు ఊదే పిల్లనగ్రోవుల మీద ఏదో పాత ప్రదర్శన, దాని కరపుస్తకం స్లోవాక్‌లోనూ జర్మన్‌లోనూ పక్కపక్కనే వేశారు. ఆఖరి పేజీలో ప్రెస్సు చిరునామా కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: జర్మన్ అనువాదం, యార్మిలా హోర్న్యాకోవా. ఆ ప్రదర్శన పెట్టినవాళ్ళకు రాసి, మళ్ళీ రాసి, విసిగిస్తే ఒక ఫోన్ నంబరూ, మెయిలూ ఇచ్చారు. ఊరు లెవోచా. మనిషి ఇప్పుడు పని చేయడం లేదనుకుంటాం, అని కూడా చెప్పారు.

*

ఇక్కడ సాయంత్రమైతే అక్కడ మధ్యాహ్నం. అందుకని ఇంటికొచ్చాకే ఫోన్ చేసింది. వంటింటి బల్ల దగ్గర వాళ్ళమ్మ దేవుడమ్మ పేపరు పరిచి ఎండు నెత్తళ్ళ చేపల తలలు గిల్లుతోంది. సుంగై సిపుట్ రబ్బరు తోటలో చెట్లు గీసిన చేతులవి, ఊరికే ఉండలేవు. మోహనప్రియ ఫోన్ స్పీకరులో పెట్టి బియ్యం డబ్బాకు ఆనించి, తనూ నాలుగు నెత్తళ్ళు ముందుకు లాక్కుంది.

అవతలి గొంతు ముసలిది, తొందర లేనిది. ఇంగ్లీషు ఒక్కో మాటా ఏరుకుని మాట్లాడుతోంది.

"పని మానేశానమ్మా. చేయలేక కాదు. చేసే పద్ధతి పోయింది."

"పద్ధతంటే ఏంటి మేడమ్?"

"నేను ముందు కథను పైకి చదువుతాను. చెప్పినవాడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో తెలియకుండా జర్మన్‌లో ఎలా రాయను? మా ఆయన ఎదురుగా కూర్చుని వినేవాడు. ఆయన పోయాడు. గోడకు చదివి చూశాను. కుదరలేదు."

మోహనప్రియకు జాలి వేసింది. గడువు కూడా గుర్తొచ్చింది. రెండూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందో ఆమెకే తెలియదు. "నాకు చదవండి," అంది.

"మీకు స్లోవాక్ వచ్చా?"

"రాదు. జర్మనూ రాదు."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు, కాగితాలు తిప్పిన చప్పుడు వచ్చాయి. మ్యూజియం నమూనాగా పంపిన మొదటి కథను మోహనప్రియ ఉదయమే మెయిల్ చేసింది. అచ్చు తీసి పెట్టుకున్నట్టుంది ముసలావిడ. చదవడం మొదలుపెట్టింది.

ఒక్క ముక్క అర్థం కాలేదు. మోహనప్రియ నెత్తళ్ళ తలలు గిల్లుతూ వింటోంది. దేవుడమ్మ చేతులు మాత్రం ఆగిపోయాయి.

"ఓలమ్మో! కత సెప్తన్నట్టున్నాది కదే ఆ అప్ప!"

"ఊరుకోమ్మా. ఆఫీసు పని."

"ఆఫీసేటే, కత కదేటి? మరి ఊ కొట్టవేటి? ఊ కొట్టకపోతే ఎవులికని సెప్తాది?" కూతురు ఊ కొట్టేదాకా ఆగలేదు దేవుడమ్మ. ఫోన్ వైపు వంగి, తోటలో నలభై మంది పిల్లల మధ్య కూర్చున్నట్టు గట్టిగా అంది: "ఊ!"

చదువు ఆగింది. "ఎవరది?"

"మా అమ్మ మేడమ్. సారీ. మావాళ్ళలో కథ వినేవాళ్ళు ఊ అంటూ ఉండాలి. అనకపోతే చెప్పేవాళ్ళు ఆపేస్తారు."

"ఆపమనకండి," అంది యార్మిలా. ఆ గొంతు అంతకుముందు లేనంత పడుచుగా వినిపించింది.

మళ్ళీ మొదలైంది. ఆవిడ వాక్యం దింపగానే ఈవిడ ఊ అంటుంది. ఆవిడ గొంతు తగ్గిస్తే ఈవిడా తగ్గిస్తుంది. ఒకచోట దేవుడమ్మ భయపడిపోయి "ఊఁ?" అని సాగదీసింది. యార్మిలా చదవడం మానేసి పకపకా నవ్వింది. అక్కడ కాపరి తుమ్మాడంతే. దేవుడమ్మకు ఆ సంగతి చెబితే ఆమె కూడా నవ్వి, "తుమ్మినా సెకునమే కదా," అంది.

కథ అయ్యాక యార్మిలా దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. మోహనప్రియ తనకొచ్చిన తెలుగులో అమ్మకు చెప్పింది. ఒక కాపరి ఉన్నాడు. మందకు ముందు నడిచే గొర్రె మెడలో గంటను గాలి ఎత్తుకుపోయింది. గంట లేకపోతే మంద చెదిరిపోతుంది. వాడు కొండలెక్కి గాలి తల్లి ఇంటికెళ్ళాడు. నా కొడుకు పడుకున్నాడు, లేచేదాకా ఈ అంట్లు తోము, గంట ఇప్పిస్తాను అందామె. వాడు తోముతున్నాడు. గాలి లేవదు. అంట్లు తరగవు.

"అంటే పని సేయించుకుని గంట ఇవ్వలేదా?" అంది దేవుడమ్మ కోపంగా.

"ఇచ్చిందట. వాడు కొండ దిగేసరికి గొర్రెలు లేవట."

"ముండ," అంది దేవుడమ్మ, గాలి తల్లిని. ఒక నెత్తలిని గట్టిగా గిల్లింది. "ఇంకెన్ని కతలున్నాయే?"

"ముప్పైట్లో ఇదొకటి."

"అన్నీ ఈ అప్పే సెప్తాదా? అడుగు. నోరిడిసి ఊ కొట్టినోళ్ళం, నడిమిన ఒగ్గేసి లేసిపోకూడదు. సెప్పినోళ్ళూ ఒగ్గేయకూడదు. మీ తాత అలా అనీవోడు."

ఏమంటోందని యార్మిలా అడిగింది. మోహనప్రియ చెప్పింది.

"ఇస్తే చేస్తాను," అంది ముసలావిడ. "ఇలా వినేవాళ్ళుంటే ముప్పై చేస్తాను. ఇస్తారా?"

ఈ వృత్తిలో ఇలాంటి ప్రశ్నకు ఒకటే జవాబు: చూద్దాం. నమూనా నచ్చాలి, సంతకాలు పడాలి, అప్పటిదాకా చూద్దాం, చెబుతాం, తెలియజేస్తాం. మోహనప్రియ ఆ మాట ఎన్ని వందల మందికి రాసిందో. ఆ పూట అమ్మ ఎదురుగా ఉంది, చెవుల్లో ఇంకా ఆ ఊ ఉంది, నోరు జారింది. "అన్నీ మీవే. నేను మాటిస్తున్నాను," అంది.

ఫోన్ పెట్టేశాక తనకే ఆశ్చర్యం వేసింది. కొంచెం భయం కూడా వేసింది.

*

నమూనా వెళ్ళింది. మ్యూజియం నుంచి జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. లింకె అనే ఆవిడ ఆ మ్యూజియానికి పెద్ద. చదువుతుంటే పక్కన కూర్చుని ఎవరో చెబుతున్నట్టుందని రాసింది. అట్ట మీద అనువాదకురాలి పేరు వేస్తామనీ, ఆమెతో ఒకసారి వీడియోలో మాట్లాడతామనీ రాసింది. యోగేశ్వరన్ వీధి చివరి కొట్లోంచి కర్రీ పఫ్‌లు తెప్పించాడు. మోహనప్రియకు రెండు ఇచ్చాడు.

ఆ పఫ్ సగం తింటుండగా చెప్పాడు. "ప్రియా, మిగతా కతలన్నీ మిషన్‌లో వేసేద్దాం. నమూనా పంపిన మర్నాడే వినోద్ వేసేసి, దిద్దడానికి కూడా ఇచ్చేసినాడు."

పక్క బల్ల దగ్గర వినోద్‌కుమార్ తలెత్తలేదు. కంప్యూటర్‌లో వచ్చిన అనువాదానికి తప్పులు దిద్దే మనుషుల్ని చవకగా తేవడం అతని పని. ఆఫీసులో దాన్ని క్లీనింగ్ అంటారు. కడగడం, తుడవడం. పూర్తి అనువాదానికిచ్చే దాంట్లో నాలుగో వంతు ఇస్తారు.

"ఆవిడకి మాటిచ్చినాను బాస్."

"మాటే కదా. సంతకం నేదు."

"పేరు ఆవిడది వేస్తారంట. అట్ట మీద."

"వెయ్యనీ. ఒక్క కత ఆవిడే సేసింది కదా, అబద్ధమేటి?" అన్నాడతను. నిజంగానే అందులో అబద్ధమేమిటో అతనికి కనపడలేదు. "నీకు తెలీదా ప్రియా? అందరూ ఇదే సేస్తన్నారు. నేనొక్కణ్ణే దేవుణ్ణై కూకుంటే ఈ షట్టరు దింపాల. నీకు ఈఎమ్ఐ నేదా? నాకు నేదా?"

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. ఈ ఆఫీసులో మెతుకు ఒక కుండలోంచి చూపించి, వడ్డన ఇంకో కుండలోంచి చేస్తారు. మోహనప్రియ ఎన్నో మెతుకులు తెచ్చి ఇచ్చింది. ఇవాళ మాత్రం పఫ్ మిగతా సగం కాగితంలో చుట్టి సొరుగులో పెట్టింది.

"వీడియో కాల్ రేపు సాయంత్రం," అన్నాడు యోగేశ్వరన్. "ముసలావిడతో నువ్వే మాటాడు. కాల్ అయ్యేదాకా ఏటీ సెప్పకు. హలో అని, నేనే సేస్తన్నాను అంటే సాలు. తరవాత మెల్లగా నేను సూసుకుంతాను."

ఇంటికి వెళ్ళేసరికి దేవుడమ్మ గుమ్మంలోనే ఉంది. "రెండో కత ఎప్పుడే? ఆ అప్ప ఫోన్ సేస్తాదా?"

"ఎప్పుడూ నేదు! ఊరికే పేనం తియ్యకమ్మా," అని కసిరింది మోహనప్రియ. దేవుడమ్మ ఏమీ అనకుండా లోపలికెళ్ళి పళ్ళెంలో అన్నం పెట్టింది. తల్లి మీద చూపించిన కోపం ఎవరి మీదదో కూతురికి తెలుసు, తల్లికి తెలియదు. అది ఇంకా బాధగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం టీ వేళకు ఆమె మెట్ల మీదికొచ్చింది. చీరల కొట్టు వాళ్ళు ఖాళీ అట్టపెట్టెలు పేర్చిన మెట్లు అవి. ఒక పెట్టె పక్కకు జరిపి కూర్చుని లెవోచాకు ఫోన్ చేసింది. ఏం చెప్పాలో రాత్రంతా అనుకుంది. ఒక్కటీ గుర్తురాలేదు.

"మేడమ్, మీకు ఇస్తానన్న పని మిషన్‌కిచ్చేశారు. మీ పేరు మాత్రం వాడుకుంటారు. సాయంత్రం కాల్‌లో అన్నీ మీరే చేస్తున్నారని మీ చేత చెప్పిద్దామని చూస్తున్నారు. నేను మాటిచ్చాను, నిలబెట్టలేకపోయాను."

"తెలుసు," అంది యార్మిలా.

"ఎలా?"

"ఆ మిషన్ రాసింది తుడిచేది నేనే కదా."

మోహనప్రియకు మొదట అర్థం కాలేదు. యార్మిలా నెమ్మదిగా చెప్పింది. మీ ఆఫీసులో ఎవరో కంపెనీ పేరు లేకుండా ప్రకటన వేశారు. అది ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోయి, నన్ను ఎరిగినవాళ్ళ దగ్గరికొచ్చింది. స్లోవాక్ కథలు తెలిసి జర్మన్ రాసేవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఎక్కడ తిప్పినా ఇక్కడికే వస్తుంది. ఈ చలికాలం గ్యాసు బిల్లు మీద నాకు చింత ఉంది, ఏం పనో అడక్కుండా ఒప్పుకున్నాను. ఫైలు తెరిస్తే మొదటి కథ గాలి తల్లిది. నా వాక్యాలే. రెండో కథలో పెద్ద కాపరిని పట్టుకుని మేనేజరు అని రాసింది మిషన్. అప్పుడు తెలిసింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు చెబుతారేమోనని చూశాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని మోహనప్రియకు అనిపించింది. కింద ఎవరో కస్టమరు కాంచీపురం చీర బేరమాడుతున్నారు, ఆ మాటలన్నీ వినపడుతున్నాయి.

"తుడవడం కుదరదమ్మా," అంది యార్మిలా. "మాటలు సరిగానే ఉంటాయి, చెప్పే మనిషే ఉండడు. అదంతా పక్కన పడేసి మొదటి నుంచీ రాస్తున్నాను. ఏడో కథలో ఉన్నాను."

"తుడుపు డబ్బుకేనా? మొత్తం రాస్తున్నారా?"

"అట్ట మీద నా పేరు వేస్తారట, మ్యూజియం వాళ్ళు రాశారు. నా పేరు కింద మేనేజరుంటే ఎలా?"

మోహనప్రియ ఏడ్చింది. పెద్దగా కాదు, అట్టపెట్టెల మధ్య ముక్కు ఎగబీలుస్తూ. అవతల ఆవిడ ఆపమనలేదు, ఓదార్చలేదు. కాసేపయ్యాక, "సాయంత్రం కాల్‌కి మంచి స్వెట్టరు వేసుకుంటాను," అని ఫోన్ పెట్టేసింది.

*

యోగేశ్వరన్ గదిలో పెద్ద తెర ముందు ఇద్దరూ కూర్చున్నారు. కెమెరాలో పడకుండా వినోద్‌కుమార్ తలుపు దగ్గర నిలబడ్డాడు. తెర మీద ఒక గడిలో లింకె. జలుబు చేసినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది, వెనకాల ఫైళ్ళు కప్పు దాకా ఉన్నాయి. ఇంకో గడిలో యార్మిలా. తెల్ల జుట్టు నున్నగా దువ్వి, నీలం స్వెట్టరు వేసుకుని, ఫోటో తీయించుకోవడానికి వచ్చినట్టు బిగిసి కూర్చుంది. మోహనప్రియ ఆమె ముఖం చూడటం అదే మొదలు. గొంతును బట్టి లావుపాటి మనిషి అనుకుంది. పిట్టంత ఉంది.

మర్యాదలయ్యాయి. యోగేశ్వరన్ ఇంగ్లీషులో తమ కంపెనీ నాణ్యత గురించి చెప్పాడు. లింకె మధ్యమధ్య దగ్గుతూ విన్నది. తర్వాత యార్మిలాను అడిగింది.

"గ్రాంటు వాళ్ళకు నేను రాసివ్వాలి, అందుకని అడుగుతున్నాను. ముప్పై కథలూ మొదటి నుంచి మీరే అనువదిస్తున్నారు కదా?"

యార్మిలా కళ్ళద్దాలు సర్దుకుంది. "ఈ పని ఎవరికి ఎలా ఇచ్చారో నాకంటే మోహనప్రియకు బాగా తెలుసు. ఆమెను అడగండి. నాకు మాటిచ్చింది ఆమే."

యోగేశ్వరన్ కాలు బల్ల కింద మోహనప్రియ చెప్పును తాకింది. ఆమె కాలు వెనక్కి తీసుకుంది. ఔననడానికి ఎంతసేపు? ఒక్క మాట. ఇంటి కిస్తీలు గుర్తొచ్చాయి. అమ్మ మందులు గుర్తొచ్చాయి. అయినా చెప్పింది.

"లేదు మేడమ్. నమూనా ఒక్కటే ఆవిడ చేశారు. మిగతావి మేము మిషన్‌కిచ్చాం. ఆ మిషన్ రాసింది దిద్దడానికి మళ్ళీ ఈవిడకే ఇచ్చాం, నాలుగో వంతుకి. ఈవిడ దాన్ని పడేసి, ఆ నాలుగో వంతుకే మొత్తం రాస్తున్నారు."

వినోద్‌కుమార్ తలుపు దగ్గర్నుంచి వెళ్ళిపోయాడు. లింకె కలం తీసి ఏదో రాసుకుంది. ఇప్పుడు అరుస్తుంది, కథలకు అన్యాయం చేశారంటుంది అనుకుంది మోహనప్రియ.

"మిషన్ చేసిందా?" అంది లింకె చివరికి. "అయితే బిల్లు పూర్తి అనువాదానికి ఎందుకు వేశారు? తగ్గించాలి కదా."

నిజం చెబితే ఏదో కూలుతుందనుకుంది మోహనప్రియ. బేరం మొదలైంది.

"తగ్గిద్దాం మేడమ్, తగ్గిద్దాం," అన్నాడు యోగేశ్వరన్, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు.

"అయితే నా పేరు తీసేయండి," అంది యార్మిలా. గొంతు పెంచలేదు. "ఇప్పటిదాకా రాసినవి కూడా పంపను."

"అలా కుదరదు," అంది లింకె. "మీ పేరు చూసే గ్రాంటు ఇస్తామన్నారు. పేరు తీస్తే పుస్తకం లేదు."

"పేరే కదా మేడమ్ కావాల్సింది?" యోగేశ్వరన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఇంకో నిపుణుల పేరు తెస్తాం. ఈవిడను కూడా మా ప్రియే వెతికింది. మావాళ్ళలో ఇలాంటి మనిషి ఇంకొకరు లేరు. సోమవారానికల్లా ఇంకొకర్ని తెస్తుంది." అని ఆమె వైపు తిరిగి తెలుగులో, "సెప్పు ప్రియా. తెస్తానని సెప్పు. ఇదొక్కటీ సెప్పు," అన్నాడు. అది ఆజ్ఞలా లేదు. బతిమాలుతున్నట్టే ఉంది. అతని మీద ఆమెకు జాలి వేసింది. లింకె మీద కూడా వేసింది. ఇంత అలసటలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

"వెతికితే దొరుకుతారు మేడమ్," అంది ఇంగ్లీషులో. "నేను వెతకను."

"ఏమన్నారు?"

"మీరు అడిగిన మనిషి దొరికింది. అదిగో, మీ ఎదురుగా కూర్చుంది. నేనింకెవర్నీ వెతకను."

లింకె ముక్కు తుడుచుకుని, కాగితం ఉండ చేసి పక్కన పడేసి, కళ్ళు మూసుకుంది. తెరిచాక ఒకసారి వెనకాల ఫైళ్ళ వైపు చూసింది.

"ఆ దరఖాస్తు మళ్ళీ మొదటి నుంచి రాసే ఓపిక నాకు లేదు," అంది. "హోర్న్యాకోవా గారే చేయాలి, అన్నీ, మొదట అనుకున్న ధరకి. మిషన్ కాగితాలు నాకు పంపకండి. గడువు కొంచెం పెంచుతాను. ఇవాళే ఆర్డరు మార్చి నాకు కాపీ పంపండి." అని, శుభ సాయంత్రం చెప్పాలో శుభ మధ్యాహ్నం చెప్పాలో తేల్చుకోలేక చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

యార్మిలా గడి ఇంకాసేపు తెర మీద ఉంది. ఎలా ఆపాలో ఆమెకు తెలిసినట్టు లేదు. స్వెట్టరు చేతులు పైకి లాక్కుని, లేచి, పొయ్యి మీది నుంచి ఏదో దించి, మళ్ళీ వచ్చి తెరను ఎగాదిగా చూసింది. ఎవరో మీట నొక్కితే మాయమైంది.

మోహనప్రియ తన బల్ల దగ్గరికొచ్చి వర్క్ ఆర్డరు తెరిచింది. వినోద్‌కుమార్ తన పాత ఆర్డరును నోరెత్తకుండా రద్దు చేశాడు. ఆమె కొత్తది నింపింది. పని: అనువాదం. కథలు: అన్నీ. అనువదించే మనిషి ఒకసారి ఒప్పుకుంటే, కస్టమరు సంతకం లేకుండా దాన్ని ఎవరూ రద్దు చేయలేరు, యోగేశ్వరన్ కూడా. పంపింది. లింకెకు కాపీ పెట్టింది.

యోగేశ్వరన్ వచ్చి బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. అరుస్తాడనుకుంది. అతను బకెట్లో నిండిన నీళ్ళు చూస్తూ మెల్లగా అన్నాడు.

"కస్టమరు ముందర నా పరువు తీసేసినావు ప్రియా. ఎతకనంటే మరి ఈ కుర్సీ నీకెందుకు?"

"ఔను బాస్."

"సోమారం నుంచి ఎవుల్ని కూకోబెట్టాల ఇక్కడ?"

"ఎతుక్కోండి," అంది మోహనప్రియ. ఎత్తిపొడుపుగా అనలేదు. ఆమెకు ఎత్తిపొడిచే ఓపిక కూడా లేదు.

అతను బకెట్టు తీసుకుని నీళ్ళు పారబోయడానికి వెళ్ళాడు. వీధిలో కొట్లు మూస్తున్నారు. ఆమె సంచి సర్దుకుంది, సొరుగులో ఉన్నవి తీసుకుంది, చెప్పులేసుకుంది. తెర మాత్రం ఆర్పలేదు. లెవోచా నుంచి "ఒప్పుకున్నాను" అని వచ్చేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదు.